సీట్ బెల్ట్ విప్పి వదిలితే సగంలోనే ఆగిపోతోంది. కొత్తది వేయించాలా?

ముందు శుభ్రం చేసి చూడండి, చాలావరకు అదే సరిపోతుంది. నా కారులో రెండు ముందు బెల్టులూ ఇలాగే మొరాయించాయి. ఒకటి కడిగితే బాగుపడింది, రెండోది నా నిర్లక్ష్యంతో పాడైంది.

పాడైన దాని సంగతి ముందు చెప్తాను. సగంలో ఆగిన బెల్టును రోజూ చేత్తో లోపలికి తోసేవాడిని. ఒకరోజు హడావుడిలో మర్చిపోయి తలుపు వేసేశాను. బెల్ట్ మధ్యలో పడి నలిగి, అంచున దారాలు లేచాయి. ‘ఇంతేగా’ అనుకుని ఇంకో నెల తిరిగాను. నిజానికి బెల్ట్ బలమంతా ఆ నేతలోనే ఉంటుంది. అంచు తెగితే, గట్టిగా లాగినప్పుడు చిరుగు అక్కడి నుంచే మొదలవుతుంది. కుట్టు వేయిస్తే సరిపోదు, మార్చాల్సిందే. చివరికి అదే చేశాను.

ఇక కడిగితే బాగుపడిన దాని సంగతి. భుజం పైన బెల్ట్ దూరి వచ్చే రింగు ఉంటుంది కదా, దాని లోపల వేలు పెట్టి చూడండి. నాకు వేలికి నల్లటి జిగురు అంటింది. చెమట, దుమ్ము కలిసి గట్టిపడిన మడ్డి అది. బెల్ట్ అక్కడ రాసుకుని ఆగిపోతోంది, బెల్టును లోపలికి చుట్టుకునే రీలు తప్పేమీ లేదు. బెల్ట్ మొత్తం బయటికి లాగి, వెనక్కి పోకుండా బట్టల క్లిప్పు పెట్టాను. గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు కలిపి మెత్తటి గుడ్డతో రెండు వైపులా తుడిచాను. రింగు లోపల తడిగుడ్డ దూర్చి ముందుకీ వెనక్కీ లాగితే ఆ మడ్డంతా గుడ్డకే వచ్చేసింది. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున క్లిప్పు తీస్తే, సర్రున లోపలికి వెళ్లిపోయింది! తడిగా ఉండగా మాత్రం వదలకండి, లోపల బూజు పడుతుంది. బ్లీచింగ్, రంగులు వద్దు, దారం బలహీనపడుతుంది. నూనె కూడా వద్దు, దుమ్ము ఇంకా అంటుకుంటుంది.

అప్పటికీ ఆగిపోతే వర్క్‌షాప్‌కి వెళ్లండి. రీలు మీరే విప్పొద్దు. చాలా కార్లలో ప్రమాదం జరిగిన క్షణంలో బెల్టును బిగించడానికి అందులో చిన్న పేలుడు మందు ఉంటుంది. అది ఒక్కసారే పనిచేస్తుంది. అందుకే గట్టి ప్రమాదం జరిగాక, పైకి బాగానే కనిపించినా బెల్టును వాడకూడదు. పాత కారు నుంచి పీకిన బెల్ట్ కూడా కొనకండి, దానికి ఏం జరిగిందో మనకెలా తెలుస్తుంది?

పెట్టుకునేటప్పుడు కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఉండాలి, గర్భిణులకైతే పొట్ట కింద నుంచి రావాలి. పై పట్టీ భుజం మధ్యగా రావాలి. మెడకు రాసుకుంటోందని చంక కింద నుంచి వేసుకునేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. దెబ్బ తగిలితే బరువంతా పక్కటెముకల మీదే పడుతుంది. చాలా కార్లలో ఆ రింగును పైకీ కిందికీ జరపొచ్చు, ఒకసారి నొక్కి చూడండి.