గ్రాంట్ ఆగిపోతే మా పాప గతేంది?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది బంగారుపాళ్యం దగ్గర, మూడెకరాల మామిడి తోట. మా పాప తిరుపతిలో బీఎస్సీ హోమ్ సైన్స్ ఫైనలియర్. చంటిపిల్లల ఆహారం, ఆరోగ్యం మీద రీసెర్చ్ చేస్తానంటుంది. ఆ ఫీల్డంతా గ్రాంట్ల మీదే నడుస్తుందంట, 2025లో అమెరికా డబ్బులు ఆపేస్తే చానా ప్రాజెక్టులు మూతపడినాయంట. కన్సల్టెన్సీ వాళ్ళు యూకేలో ఒక సంవత్సరం ఎమ్మెస్సీ న్యూట్రిషన్ చేయించమంటున్నారు, తోట తాకట్టు పెడితే లోను కూడా వాళ్ళే చూస్తారంట. రెండిట్లో ఏది మేలు? గ్రాంట్ ఆగిపోతే మా పాప గతేంది?

జవాబు: అన్నా, ఫైనలియర్ పరీక్షలు దగ్గర పడినాయంటే ఇదే ప్రశ్న వారానికి ఇద్దరు ముగ్గురు అడుగుతారు. అందరూ గ్రాంటు, స్టైపెండు అని మొదలుపెడతారు, ఇంకో పది నిమిషాలు మాట్లాడితే లోపల ఉండే మాట బయటికొస్తుంది, ముప్పై ఏళ్ళొచ్చినా ఉద్యోగం లేకుండా పెళ్ళి లేకుండా బిడ్డ ఇంట్లో కూర్చుంటే ఎట్లా అని. మీ భయం కూడా అదే అనుకుంటున్నా, అందుకే ముందు దానికే చెప్తా.

గ్రాంట్ వేరు, ఫెలోషిప్ వేరు. గ్రాంట్ అనేది ప్రాజెక్ట్ నడిపే ప్రొఫెసర్ పేరు మీద ఆ సంస్థకి వస్తుంది, ఐసీఎంఆర్, డీబీటీ, ఏఎన్ఆర్ఎఫ్ లాంటి, రీసెర్చ్‌కి డబ్బిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థల నుంచి, రెండేళ్ళకో మూడేళ్ళకో అని. ఏడాదికోసారి ఖర్చుల లెక్క అప్పజెప్తే తర్వాతి వాయిదా వస్తుంది. అట్లాంటి ప్రాజెక్టులో పోస్టుకి చేరితే ప్రాజెక్టుతోపాటే పోస్టూ అయిపోతుంది, అది నిజమే, నేనేం దాచను. కానీ ఎమ్మెస్సీ చేసి యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో హోమ్ సైన్స్ రాసి జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, తెచ్చుకుంటే ఆ ఫెలోషిప్ మీ పాప పేరు మీదే ఉంటుంది. మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ అదనం. గైడ్ ప్రాజెక్ట్ మూతపడినా ఇది మూతపడదు. ఏ ఫెలోషిప్ అయినా ఒకటో తేదీకి టంచనుగా పడుతుందని మాత్రం అనుకోవద్దండి, రెండు మూడు నెలలు ఆగి ఒక్కసారే పడిన పిల్లల్ని చూసినా, చేతిలో కొంచెం దాచిపెట్టుకోని ఉండాల. జేఆర్ఎఫ్‌కి వయసు 30 దాకా, ఆడపిల్లలకి ఇంకో ఐదేళ్ళు సడలింపు. పీహెచ్‌డీ మధ్యలో పెళ్ళయి కాన్పు వచ్చినా యూజీసీ రూల్స్‌లో 240 రోజుల దాకా సెలవు ఉంది. పెళ్ళికీ రీసెర్చ్‌కీ మధ్యలో గోడేమీ లేదన్నా, ఆ గోడ మనం కట్టుకున్నదే.

అమెరికా సంగతి. వేరే దేశాలకి అమెరికా సాయం పంపే యూఎస్ఎయిడ్ అనే సంస్థ 2025 జులైలో మూతపడింది, దాని డబ్బు మీదే నడిచే సంస్థల్లో పనిచేసేవాళ్ళు దెబ్బతిన్నారు, వాళ్ళ బాధ చిన్నది కాదు. దాన్నుంచి నేర్చుకోవాల్సింది ఏందంటే, పాప ఎక్కడ చేరినా ముందు గైడ్‌ని నేరుగా అడగాల, ఇప్పుడుండే గ్రాంట్ ఎవరిది, ఎప్పటిదాకా, మీ దగ్గర పీహెచ్‌డీ చేసినోళ్ళు ఇప్పుడు ఏం చేస్తా ఉన్నారు అని. అడిగితే చిరాకు పడే గైడ్ దగ్గర చేరొద్దు.

ఇంకొకటి, పాలపొడి కంపెనీలు ఉన్నాయి కదా వాళ్ళు స్పాన్సర్ చేస్తారులే అని ఎవరన్నా చెప్తే నమ్మొద్దండి. 1992 చట్టం ఒకటి ఉంది, పాలపొడి, పాల సీసాలు, చంటిపిల్లల ఫుడ్ గురించి, 2003లో దాన్ని ఇంకా గట్టి చేసినారు. దాని ప్రకారం ఆ కంపెనీలు డాక్టర్లకి, హెల్త్ వర్కర్లకి, వాళ్ళ సంఘాలకి సెమినార్‌కి గానీ ఫెలోషిప్‌కి గానీ రీసెర్చ్‌కి గానీ డబ్బులు ఇవ్వకూడదు. తల్లిపాల గురించి పని చేసేవాళ్ళకి ఈ చట్టం మొదటిరోజే తెలిసుండాల.

ఇప్పుడు యూకే. దీని మీద నాకు చానా అనుమానాలుండాయి, మొహమాటం లేకుండా చెప్తా. అక్కడ డైటీషియన్ అని పేరు పెట్టుకోవాలంటే హెచ్‌సీపీసీ అనే సంస్థ ఆమోదించిన కోర్సే చదివి రిజిస్టర్ కావాల. మామూలు ఒక సంవత్సరం ఎమ్మెస్సీ న్యూట్రిషన్ చేస్తే డైటీషియన్ కారు, న్యూట్రిషనిస్ట్ అంటారు, ఆ పేరుకి అక్కడ చట్టపరంగా రక్షణే లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. ఈ ముక్క కన్సల్టెన్సీ వాళ్ళు మీకు చెప్పినారా? చదువయినాక ఉద్యోగం వెతుక్కునేదానికి ఇచ్చే వీసా కూడా రెండేళ్ళ నుంచి 18 నెలలకి తగ్గిస్తున్నారు, 2027 జనవరి నుంచి అప్లై చేసేవాళ్ళకి. ఆ 18 నెలల్లో లోను కంతులు, ఇంటి అద్దె, ఉద్యోగం వేట, అన్నీ మీ పాప ఒక్కతే మోయాల. గ్రాంట్ మూడేళ్ళకే అయిపోతుందని భయపడే మనిషి, తోట తాకట్టు పెట్టి 18 నెలల వీసాని ఎట్లా నమ్ముతున్నారో నాకు అర్థం కాలేదన్నా. కోప్పడుతున్నా అనుకోవద్దు, కొంచెం కోపం ఉంది కూడా.

ఎందుకంటే మీరు కన్సల్టెన్సీ వాళ్ళు ఏమన్నారో రాసినారు, అమెరికా ఏం చేసిందో రాసినారు, పాప ఎందుకు ఈ పనే చేస్తానంటుందో ఒక్క మాట రాయలేదు. అడిగినారా ఎప్పుడన్నా? తోతాపురి రేటు పడిపోయిన ఏడాది ట్రాక్టర్ లోడుతో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర పడిగాపులు పడటం మీ వైపు రైతులకి తెలుసు, మీకూ తెలిసే ఉంటుంది. అయినా తోట కొట్టేయలేదు కదా. నిలకడ లేని రాబడితో సంసారం ఎట్లా నడపాలో మీకు తెలిసినంత ఏ కౌన్సెలర్‌కీ తెలీదు, ఆ ధైర్యం పాప విషయంలో ఎందుకు రాలేదు?

ఇంకా చెప్పాలంటే పాప రీసెర్చ్ చేయాలనుకునే పిల్లలు లండన్‌లో లేరు, మన ఊర్లల్లో ఉండారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 100కి 31 మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు, 63 మందికి రక్తహీనత. అందుకే బయటి డబ్బు కూడా ఇక్కడికే వస్తుంది. చిత్తూరు నుంచి మనం ఏ పెద్ద జబ్బుకైనా వేలూరుకే పోతాం కదా, అక్కడి సీఎంసీ ఆసుపత్రి వాళ్ళే 2009లో మొదలైన మాల్-ఎడ్ అనే స్టడీలో పనిచేసినారు, గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో ఎనిమిది దేశాల్లో జరిగింది. పుట్టిన బిడ్డని రెండేళ్ళు వెంబడించి, వారానికి రెండుసార్లు ఇంటికి పోయి, విరేచనాలు అయినాయా, ఏం తిన్నాడు అని రాసుకోవడం, నెలనెలా బరువు, పొడవు చూడటం. పైకి విరేచనాలు కనిపించకపోయినా పేగుల్లో క్రిములు పదేపదే చేరితే బిడ్డ ఎదుగుదల తగ్గుతుందని అట్లా పట్టుకున్నారు, అంటే తిండి పెడితే సరిపోదు, నీళ్ళు, మరుగుదొడ్డి కూడా చూడాలని. అక్కడ పనిచేసిన గగన్‌దీప్ కాంగ్ గారు 2019లో లండన్ రాయల్ సొసైటీకి ఎన్నికైన మొదటి భారతీయ మహిళా శాస్త్రవేత్త. గంట దారిలో ఇంత పని జరిగింది, మనకి మాత్రం రీసెర్చ్ అంటే విమానమే గుర్తొస్తుంది.

పోలిక అడిగినారు, నా మాట ఒకటే, ఎమ్మెస్సీ ఇక్కడే చేయించండి. తిరుపతిలోనే పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, హైదరాబాద్‌లో ఎన్ఐఎన్ అనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కి వచ్చిన సంస్థ, చంటిపిల్లల ఆహారం మీద పని చేయాలనుకునేవాళ్ళకి దానికన్నా మంచి చోటు నాకు తోచదు. ఇంట్లో కూర్చొని ఆన్‌లైన్‌లో న్యూట్రిషన్ డిగ్రీ అని ఎవరన్నా ఆశపెడితే వద్దనండి, 2025 జులై సెషన్ నుంచే యూజీసీ దాన్ని ఆపేసింది. రీసెర్చ్ కుదరకపోయినా ఆ ఎమ్మెస్సీతో ఆసుపత్రిలో డైటీషియన్, కాలేజీలో లెక్చరర్, నోటిఫికేషన్ పడితే అంగన్‌వాడీలని చూసుకునే ఐసీడీఎస్ సూపర్‌వైజర్, ఇట్లా దారులుండాయి, బిడ్డ ఖాళీగా కూర్చోదు. అన్నీ అయినాక విదేశం పోవాలనిపిస్తే పీహెచ్‌డీకో ఆ తర్వాతో వాళ్ళే స్టైపెండ్ ఇచ్చి పిలిచేటట్టు పోవచ్చు, మీ తోట పత్రాలు బీరువాలోనే ఉంటాయి.

మీ ఊరి అంగన్‌వాడీలో పిల్లల బరువులు తూచే రోజు ఎప్పుడో కనుక్కోని, ఆ రోజు పాపతోపాటు మీరూ పోయి రండి. ఆ చార్టులో గీతలు ఏందో మీకు వివరంగా చెప్పమని పాపనే అడగండి. ఈసారి నాకు రాసేటప్పుడు పాపతోనే రాయించండన్నా.