టైరు కొనే ముందు, ఎక్కించేవాణ్ణి వెతుక్కో

"టైర్లు మార్చడానికి 35 వేలా? ఇక్కడ మంచి ఎమ్మారెఫ్ టైర్లు రెండు కొని పార్సెల్ వేస్తే సరిపోదా తమ్ముడూ?"

కావలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఈ చలికాలం నెల్లూరులో మా ఇంటి వరండాలో కూర్చుని అడిగిన ప్రశ్న ఇది. వాళ్లబ్బాయి డల్లాస్ దగ్గర ఎమ్మెస్ చదువుతూ, ఎవరో వాడి అమ్మిన 650 సీసీ బండి కొన్నాడు. టైర్లు గుండు అయ్యాయి, 400 డాలర్లు కావాలని ఇంటికి ఫోన్ చేశాడు. నేను అమెరికా నుంచి సెలవులకు వచ్చానని తెలిసి పెద్దాయన బస్సెక్కి వచ్చాడు. ఆయనకు చెప్పాల్సింది అప్పుడే చెప్పి పంపాను. అబ్బాయికీ, కొత్తగా వెళ్లి అక్కడ బండి కొంటున్న మన నెల్లూరు, ప్రకాశం పిల్లలకూ చెప్పాల్సింది ఇంకా ఉంది.

ముందు పార్సెల్ సంగతి తేల్చేద్దాం. అమెరికా రోడ్ల మీద వాడే టైరుకు పక్కగోడ మీద డీఓటీ ముద్ర ఉండాలి. ఈ టైరు అమెరికా రవాణా శాఖ (డీఓటీ) భద్రతా నియమాలకు లోబడి చేసిందేనని తయారీదారు తన పూచీ మీద వేసే ముద్ర అది. మన దేశంలో అమ్మడానికి చేసిన ప్రతి టైరు మీదా అది ఉండాలని లేదు. ముద్ర లేని టైరును అక్కడ మంచి షాపువాడు ముట్టుకోడు. పైగా పెద్ద బండి వెనక టైరు ఒక్కటే అయిదారు కిలోలు తూగుతుంది. కొరియరు వాడు బరువు ఒక్కటే చూడడు, అది ఆక్రమించే చోటును కూడా లెక్క కడతాడు. ఇక్కడ ఆదా చేసిందంతా ఆ కిరాయికే చాలదు.

అసలు చిక్కు టైరు ధరలో లేదు. నెల్లూరులో సరుకు ఖరీదు, పని చౌక. ఆటోనగర్‌లో కొత్త టైరు కొన్నవాడు ఎక్కించే కూలి గురించి ఆలోచించనే ఆలోచించడు. అమ్మినవాడే కుర్రాణ్ణి పిలుస్తాడు. ఆ కుర్రాడు రెండు ఇనుప లివర్లతో పాతది ఊడదీసి, కొత్తదాని అంచుకు సబ్బునీళ్లు రాసి ఎక్కించి, గాలి కొట్టి ఇచ్చేస్తాడు. మనం టీ తాగి వచ్చేసరికి బండి సిద్ధం. అమెరికాలో ఈ లెక్క తిరగబడుతుంది. మామూలు 17 అంగుళాల టైర్ల జత ఆన్‌లైన్‌లో 300 నుంచి 400 డాలర్లలో దొరుకుతుంది. ఎక్కించమని బండిని నేరుగా డీలరు దగ్గరకు తోలుకుపోతే, దాని మీద మరో 150, 200 అడిగేవాళ్లు ఉన్నారు. అబ్బాయి నాన్నను అడిగిన 400 డాలర్లలో ఈ కూలి లేదు. కొనేశాక టైర్లు గదిలో మంచం కింద పెట్టుకుని, ఎక్కించేవాడి కోసం ఊరంతా ఫోన్లు చేసే పిల్లల్ని చాలామందిని చూశాను. అందుకే వరస మార్చమంటాను. ముందు ఎక్కించే మనిషిని ఖాయం చేసుకో, తర్వాత టైరు కొను.

ఎక్కించే మనిషి ఎక్కడ దొరుకుతాడంటే, నువ్వు మొదట అనుకునే చోట మాత్రం దొరకడు. కార్ల టైర్ల షాపులు ప్రతి కూడలిలో కనిపిస్తాయి గానీ వాటిలో ఎక్కువ భాగం మోటార్ సైకిల్ చక్రాన్ని తీసుకోవు. దానికి తగిన యంత్రం ఉండదు, రిమ్ము మీద గీత పడితే పరిహారం కట్టాలన్న భయం ఒకటి. మోటార్ సైకిల్ డీలర్లలో కొందరు బయట కొన్న టైరును అసలు ఎక్కించరు. కొందరు ఎక్కిస్తారు గానీ తమ దగ్గర కొనలేదన్న ఉక్రోషం కూలిలో తీర్చుకుంటారు. ఇంకొందరు ఆన్‌లైన్ ధర చూపిస్తే దానికి దగ్గరగా తామే తెప్పించి, కూలి కూడా తగ్గిస్తారు. ఇలాంటివాడు తగిలితే ఆన్‌లైన్ ఊసే ఎత్తకు. సైకిల్ గేర్ అనే మోటార్ సైకిల్ సరుకుల దుకాణాలు చాలా నగరాల్లో ఉన్నాయి, అక్కడ టైర్లు అమ్మడమే కాక ఎక్కిస్తారు కూడా. వీళ్లందరికంటే నాకు నచ్చేది ఊరి అంచున చిన్న షెడ్డు పెట్టుకున్న ముసలి మెకానిక్కు. అలాంటి మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడు ఉంటాడు. ప్రకటనలు ఇవ్వడు, బండ్లు నడిపేవాళ్లను అడిగితే చెబుతారు.

ఫోన్ చేసినప్పుడు "టైరు ఎక్కించడానికి ఎంత?" అని ఊరుకోకు. విడి చక్రం తెస్తే ఎంత, బండితో వస్తే ఎంత అని రెండూ అడుగు. విడి చక్రానికి 30 నుంచి 60 డాలర్ల మధ్య చెబుతారు, బండితో వెళితే దాదాపు రెట్టింపు. బ్యాలెన్సింగు (చక్రం ఊగకుండా బరువు సర్దడం) అందులో కలిసిందా, కొత్త వాల్వు వేస్తారా, పాత టైరు పారేయడానికి వేరే రుసుము ఉందా అని కూడా కనుక్కో. మన దగ్గర పాత టైరును ఎవరో ఒకరు డబ్బులిచ్చి పట్టుకుపోతారు. అక్కడ వదిలించుకోవడానికి మనమే ఎదురు ఇవ్వాలి. వాల్వు విషయంలో పిసినారితనం వద్దు. రెండు మూడు డాలర్ల రబ్బరు ముక్క అది. ఎండకు పగిలిన పాత వాల్వును కొత్త టైరుతో అలాగే ఉంచితే, హైవే మీద గాలి మొత్తం అక్కడి నుంచే పోతుంది.

ఇక సైజు. పక్కగోడ మీద 120/70 జడ్ఆర్ 17, 58 డబ్ల్యూ అని ఉందనుకో. 120 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 70 అంటే ఆ వెడల్పులో ఎంత శాతం ఎత్తో చెప్పేది. జడ్ఆర్‌లో ఆర్ అంటే రేడియల్, లోపలి దారాలు అడ్డంగా నేరుగా పరిచిన రకం. 17 అంటే రిమ్ము అంగుళాలు. 58 అంటే 236 కిలోల బరువు మోయగలదని, డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగానికి తగినదని. వెనక టైరు మీద 73 ఉంటే 365 కిలోలు. ఈ రెండు సూచికలూ నీ బండి పుస్తకంలో చెప్పినదానికంటే ఎక్కువ ఉన్నా ఇబ్బంది లేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. సైజు కోసం పుస్తకాన్నే నమ్ము, ఇప్పుడున్న టైరును కాదు. ముందు యజమాని ఏం ఎక్కించాడో ఎవరికి తెలుసు? మైపాడు బీచ్ రోడ్డులో చూపించుకోవడానికి వెనక లావు టైరు వేయించే సరదా మన కుర్రాళ్లకు ఉంది. ఆ సరదా అక్కడికి పట్టుకెళ్లకు. రిమ్ము వెడల్పుకు మించిన టైరు వేస్తే అది నొక్కుకుపోయి ఆకారం మారుతుంది, మలుపులో బండి మనం చెప్పినట్టు వినదు. ముందు బయాస్ (దారాలు ఏటవాలుగా పరిచిన రకం), వెనక రేడియల్ లాంటి కలగాపులగం కూడా తయారీదారు ఒప్పుకుంటే తప్ప వద్దు.

మన పక్క చెన్నైలో తయారయ్యే బండి మీద మమకారంతో రాయల్ ఎన్‌ఫీల్డ్ కొనేవాళ్లకు ఒక మాట. ఇక్కడ ఇంటర్‌సెప్టర్ అనేది అక్కడ ఐఎన్‌టీ 650 పేరుతో అమ్ముతారు. దానికి రెండూ 18 అంగుళాల చక్రాలు. వెనక 130/70 సైజు డీలరు అరల్లో అరుదు, దానికి ఆన్‌లైనే దిక్కు. స్పోకుల చక్రాలున్న బండి అయితే ట్యూబులు కూడా ఆర్డరు చేయాలి. టైరు మార్చినప్పుడు ట్యూబు మార్చకపోవడం ఎక్కడైనా తెలివితక్కువ పనే.

కొనేటప్పుడు ముందు వెనకల జతగా తీసుకుంటే ధర కలిసివస్తుంది. తయారీదారులు అప్పుడప్పుడు కొంత సొమ్ము తిరిగి ఇచ్చే పథకాలు పెడతారు, వాటి గడువు చూసుకో. ఆన్‌లైన్‌లో కొంటే పన్ను ఉండదని ఇంకా ఎవరైనా చెబితే నమ్మకు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక పెద్ద అమ్మకందారులంతా రాష్ట్రం పన్ను వసూలు చేస్తున్నారు. టెక్సాస్‌లో అది స్థానిక పన్నులతో కలిపి 8.25 శాతం దాకా ఉంటుంది. అంటే 350 డాలర్ల జతకు దాదాపు 29 డాలర్లు. దీనికి రెండు విడి చక్రాల కూలి, వాల్వులు, పాత టైర్ల రుసుము కలుపు. మొత్తం 500 చుట్టుపక్కలకు వస్తుంది. నాన్నను అడిగేటప్పుడు ఈ లెక్క కాగితం మీద వేసి అడుగు అబ్బాయ్. ఒకసారి 400, ఇంకోసారి 100 అని అడిగితే కావలిలో కూర్చున్న మనిషికి నీ మీద అనుమానం వస్తుంది.

టైర్లు అట్టపెట్టెలో ముస్తాబై వస్తాయని ఎదురుచూడకు. చాలాసార్లు రెండిటినీ పట్టీతో కట్టి, ట్రెడ్ (నేలను తాకే గాడుల భాగం) మీదే చిరునామా కాగితం అంటించి గుమ్మం ముందు పడేసిపోతారు. రాగానే పక్కగోడ మీద డీఓటీ వరస చివరి నాలుగు అంకెలు చూడు. 2324 అంటే 2024లో 23వ వారంలో చేసిన టైరు. మరీ చౌకగా పెట్టినవి ఏళ్ల తరబడి గోడౌనులో పడి ఉన్న సరుకు కావచ్చు. అయిదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్షించాలని, పదేళ్లు దాటితే ట్రెడ్ ఎంత ఉన్నా తీసేయాలని మిషెలిన్ లాంటి కంపెనీలే చెబుతాయి. సైజు, తేదీ, ముందుదా వెనకదా, అన్నీ ఎక్కించక ముందే చూసుకో. ఒకసారి రిమ్ముకు ఎక్కిన టైరును ఎవరూ తిరిగి తీసుకోరు.

డబ్బు ఆదా అంతా చక్రాలు నువ్వే ఊడదీసి తీసుకువెళ్లడంలో ఉంది. అందుకు బండిని నిలువుగా నిలబెట్టే స్టాండు, సరైన సైజు పానాలు, నట్టు ఎంత గట్టిగా బిగిసిందో చూపే టార్క్ రెంచి కావాలి. టార్క్ రెంచి లేకుండా మాత్రం ఈ పనికి దిగకు. వెనక యాక్సిలు నట్టు చాలా బండ్లకు 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగించాలి, ఖచ్చితమైన అంకె బండి పుస్తకంలో ఉంటుంది. మన మెకానిక్కులు చేతి అలవాటుతో బిగిస్తారు. ముప్పై ఏళ్ల అలవాటున్న చెయ్యి అది, నీది కాదు. అపార్ట్‌మెంట్ పార్కింగులో బండి విప్పడం చాలా అద్దె ఒప్పందాల్లో నిషేధం కాబట్టి సొంత గరాజు ఉన్న మిత్రుణ్ణి పట్టుకో. ఊడదీసేటప్పుడు అడుగడుగునా ఫోటో తీయి. యాక్సిలు లాగగానే రెండు పక్కలా చిన్న స్పేసర్లు రాలిపడతాయి. ఏది కుడిదో ఏది ఎడమదో రాత్రికి గుర్తుండదు. చక్రం తీసి ఉన్నప్పుడు బ్రేకు లివరు నొక్కితే పిస్టన్లు బయటకు వచ్చి ప్యాడ్లు దగ్గరపడతాయి, మళ్లీ డిస్కు దూరదు. మధ్యలో ఒక అట్టముక్క పెట్టు. కారు డిక్కీలో చక్రాన్ని డిస్కు మీద బరువు పడేలా పడుకోబెట్టకు, కింద పాత దుప్పటి వెయ్యి. ఏబీఎస్ ఉన్న బండి అయితే సెన్సరు రింగు వంగకుండా చూసుకోమని షాపులో గుర్తు చెయ్యి.

చక్రం తిరిగి తెచ్చుకున్నప్పుడు పక్కగోడ మీద బాణం గుర్తు బండి వెళ్లే దిక్కుకే ఉందా అని అక్కడే చూడు. తిరగేసి ఎక్కించడం పేరున్న షాపుల్లో కూడా జరుగుతుంది. బిగించాక చైను వదులు సరిచూసి, రోడ్డెక్కక ముందు బ్రేకు లివరు గట్టిపడేదాకా నాలుగైదు సార్లు నొక్కు. ఇది మరిచిపోతే మొదటి సిగ్నలు దగ్గర బ్రేకు పడదు. గాలి బండికి అంటించిన స్టిక్కరు ప్రకారం పెట్టు, టైరు మీద రాసింది గరిష్ఠ ఒత్తిడి. చాలా జపాన్ స్పోర్ట్స్ బండ్లకు ముందు 36, వెనక 42 పీఎస్ఐ. అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. కొత్త టైరు పైపొర జారుతుంది. మొదటి 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు, మలుపుల్లో వాలడం, గట్టి బ్రేకులు వద్దు.

అన్నట్టు, టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత వాహనాలకు ఏటేటా జరిగే భద్రతా తనిఖీ ఎత్తేశారు. ఇప్పుడు నీ టైరు అరిగిందని చెప్పే అధికారి ఎవరూ లేరు. ట్రెడ్ గాడుల అడుగున చిన్న గట్లు ఉంటాయి. రబ్బరు అరిగి ఆ గట్లతో సమానమైతే మిగిలింది 0.8 మిల్లీమీటర్లే అని అర్థం. కారు లైసెన్సుతో బండి నడపకూడదని, మోటార్ సైకిల్‌కు వేరే అర్హత రాయించుకోవాలని కూడా ఈ సందర్భంలోనే చెబుతున్నాను. కొత్త పిల్లల్లో సగం మంది టైర్ల గురించి అడుగుతారు, ఇది అడగరు.

చివరిగా పంక్చరు. ఒంగోలు దాకా ఎక్కడ ఆగినా హైవే పక్కన పంక్చరు షాపు ఉంటుంది. అమెరికాలో మోటార్ సైకిల్ టైరుకు పంక్చరు వేసే షాపులు తక్కువ, బాధ్యత తమ మీదకు వస్తుందని చాలామంది ఒప్పుకోరు. ట్యూబ్‌లెస్ టైర్లయితే పంక్చరు కిట్టు ఒకటి, బండి బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి సీటు కింద పెట్టుకో. ఆ రిపేరు ఇల్లు చేరడానికే. పక్కగోడలో మేకు దిగితే కిట్టు పనికిరాదు, బండిని ట్రక్కు మీద తెచ్చుకోవాల్సిందే. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడే ఆ ట్రక్కు సాయం మోటార్ సైకిల్‌కు కూడా వస్తుందా అని అడుగు. లేదంటే, ఏడాదికి కొద్ది డాలర్లు ఎక్కువైనా చేర్పించుకో.