రిపోర్టులో ‘రెస్ట్రిక్షన్’ అని ఉంటే ఊపిరితిత్తులు చెడిపోయినట్టేనా?

ప్రశ్న: నాకు 44 ఏళ్ళు. ఎత్తు 155 సెం.మీ., బరువు 86 కిలోలు. సంతకు నడిచి వెళ్తే దారిలో రెండుసార్లు ఆగాలి, అంత ఆయాసం. ఎక్స్‌రే, ఈసీజీ, ఎకో బాగున్నాయన్నారు. స్పైరోమెట్రీలో (గొట్టంలోకి ఊది చేసే పరీక్ష) ఎఫ్‌వీసీ 76 శాతం, ఎఫ్‌ఈవీ1 78 శాతం, నిష్పత్తి 0.83 వచ్చాయి. కింద ‘రెస్ట్రిక్షన్’ అని ఉంది. ఆరు నిమిషాల నడక పరీక్షలో 390 మీటర్లు నడిచాను. ఊపిరితిత్తులు పాడైనట్టేనా? ఆయాసం వస్తున్నా నడవొచ్చా?
– ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: ఎఫ్‌వీసీ అంటే నిండుగా పీల్చి బలంగా ఊదితే వచ్చే మొత్తం గాలి, ఎఫ్‌ఈవీ1 అంటే అందులో మొదటి సెకనులో వచ్చేది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేదే నిష్పత్తి. అది 0.83 ఉందంటే పరీక్ష రోజున మీ శ్వాసగొట్టాలు బిగుసుకుని లేవు. ఎఫ్‌వీసీ, ఎఫ్‌ఈవీ1 రెండూ జంటగా కాస్త తగ్గి, ఎక్స్‌రే శుభ్రంగా ఉంటే, మీ బరువుకి మొదట అనుమానించాల్సింది పొట్టనే. ‘రెస్ట్రిక్షన్’ (ఊపిరితిత్తుల్లో గాలి పట్టే చోటు తగ్గడం) చాలాసార్లు యంత్రం తనంతట తాను అచ్చువేసే మాట. అది నిజమో కాదో తేలాలంటే ఊపిరితిత్తుల మొత్తం సామర్థ్యం (టీఎల్‌సీ) కొలవాలి. మామూలు స్పైరోమీటరుకు అది చేతకాదు.

మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 35.8. మనవాళ్ళకు 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. కడుపులోని కొవ్వు ఉదరవితానాన్ని (ఊపిరితిత్తుల అడుగున ఉండే కండర పొర, డయాఫ్రం) కిందనుంచి పైకి నెడుతుంది. అందుకే మామూలుగా ఊపిరి వదిలాక ఇంకా బయటికి ఊదగలిగే నిల్వగాలి (ఈఆర్‌వీ) అన్నిటికంటే ముందు పడిపోతుంది. బీఎంఐ 20 ఉన్నవారితో పోలిస్తే 30 దగ్గరే అది సగానికి తగ్గుతుంది. ఊపిరితిత్తుల అడుగున చిన్న గొట్టాలు ముందే మూసుకుపోతాయి. ఒంటిబరువు మోయడానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, లోపల చోటేమో తక్కువ. ఆయాసం అక్కడ పుడుతుంది.

లంగా నాడా బొడ్డు మీదుగా బిగించి కడితే ఈ ఇరుకు ఇంకా పెరుగుతుంది. విప్పాక నడుం చుట్టూ ఎర్రగా గాడి కనిపిస్తే అది మరీ బిగుతన్నమాట. బొడ్డు కిందకి దించి, రెండు వేళ్ళు దూరేలా కట్టుకోండి. స్పైరోమెట్రీకి వెళ్ళినప్పుడూ అంతే. కడుపునిండా తిన్నాక రెండు గంటలు ఆగి వెళ్ళండి. నిండుగా పీల్చి, ఒక్కసారిగా ఊది, ఆరు సెకన్లదాకా వదులుతూనే ఉండాలి. మధ్యలో ఆపేస్తే ఎఫ్‌వీసీ ఉత్తినే తక్కువ చూపిస్తుంది.

ఇక 390 మీటర్లు. 1998లో ఎన్‌రైట్, షెరిల్ అనే పరిశోధకులు ఇచ్చిన సూత్రం ప్రకారం మీ వయసు, ఎత్తు, బరువుకి సుమారు 543 రావాలి, కనీస హద్దు 404. ఆ సూత్రంలో ఆడవారికి కిలోకి 2.29 మీటర్ల కోత ఉంది. అది అమెరికా పెద్దలను కొలిచి కట్టింది కనుక మీకు అచ్చంగా సరిపోదు. మీ అంకెను మీ పాత అంకెతోనే పోల్చుకోండి; 30 మీటర్లు పెరిగితే నిజంగా మెరుగైనట్టే.

నడవొచ్చు, నడవాలి కూడా. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. రక్తహీనతకూ ఇదే ఆయాసం. మన తీరప్రాంతంలో ఎండ ఎక్కితే ఉక్కపోతకే సగం బలం పోతుంది కాబట్టి ఆరులోపే బయలుదేరండి. మూడు నిమిషాలు నడక, ఒక నిమిషం ఆగడం, ఇలా ఐదుసార్లు, వారానికి ఐదు రోజులు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, వేగం అంతే. రెండడుగులకు పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి మూడు నాలుగడుగులకు వదలండి. ఆగినప్పుడు చాలామంది మోకాళ్ళ మీద చేతులుపెట్టి వంగుతారు. పొట్ట ఉన్నవారికి అది ఎదురు తిరుగుతుంది, ఉదరవితానం మరింత పైకి పోతుంది. గోడకు వీపు ఆనించి నిటారుగా నిలబడండి. రెండు వారాలకొకసారి నడకను ఒక నిమిషం పెంచండి. కరెంటు స్తంభాల మధ్య దూరం ఒకేలా ఉండదు, టేపుతో 30 మీటర్లు కొలిచి గుర్తుపెట్టుకుని నెలకోసారి ఆరు నిమిషాలు పరీక్షించుకోండి. బరువు కదలకపోయినా ఈ అంకె కదలొచ్చు.

మోకాళ్ళు నొప్పెడితే మందుల షాపులో నొప్పి మాత్ర అడిగి మింగకండి. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించకుండా ఆ మాత్రల జోలికి వెళ్ళడం అక్కడివారికి అసలు తగదు. నడుస్తుంటే ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, ఒక్క పిక్కే వాయడం కనిపించినా, వేలి ఆక్సిమీటరులో ఆక్సిజన్ శాతం నాలుగు పాయింట్లు తగ్గినా నడక ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్ళు, 168 సెం.మీ., 104 కిలోలు. అయోధ్య మైదానానికి నడకకు తీసుకెళ్తే కూర్చున్నచోటే కునుకు తీస్తారు. రాత్రంతా గురక, పొద్దున్నే తలనొప్పి. బద్ధకమేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: బద్ధకం కాకపోవచ్చు. నిద్రలో గొంతు మూసుకుపోతుండవచ్చు. పగలు కూడా రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుంటోందేమో చూడాలి. ముందు సీరం బైకార్బొనేట్ అనే రక్తపరీక్ష చేయించండి. 27 లేదా అంతకు మించితే ధమని రక్తపరీక్ష చేస్తారు, అందులో ఆ వాయువు 45 దాటకూడదు. స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాసను చూసే పరీక్ష) ఎలాగూ అవసరమే. నడక ఎంతసేపో ఆ తర్వాత డాక్టరే చెప్తారు. ఈలోపు తల ఎత్తుగా పెట్టి పక్కకు పడుకోబెట్టండి. బండి నడపనివ్వకండి. నిద్రమాత్ర గాని, రాత్రిపూట మద్యం గాని అస్సలు వద్దు.