బ్యాంకాక్ చైనాటౌన్‌కి ఒక్క పూటే ఉంటే సాంపెంగ్ సందుకే వెళ్లండి

బ్యాంకాక్ చైనాటౌన్‌కి ఒక్క పూటే కుదురుతుంది, సాయంత్రం అక్కడి పెద్ద వీధి యావరాత్ రోడ్డు చూస్తే సరిపోతుందా అని అడిగారు. నా మాట వింటే పొద్దున్నే వెళ్లి, ముందు సాంపెంగ్ సందులోకి దూరండి. మాది మగ్గం వర్క్ షాపు. పూసలు, లేసుల కోసం అక్కడికి వెళ్తుంటాను, ఆ సందంటే నాకు ప్రాణం.

అసలు పాత బజారు అదే. 1782లో మొదటి రామా రాజు బ్యాంకాక్‌ను రాజధాని చేసుకున్నప్పుడు, ఇప్పుడు గ్రాండ్ ప్యాలెస్ ఉన్నచోట కాపురమున్న చైనా వర్తకుల్ని కోట గోడ బయటికి, ఇక్కడికి పంపించారు. యావరాత్ రోడ్డు పని మొదలైంది 1892లో. సందు ఎంత ఇరుకంటే, ఎదురుగా సరుకు బండి వస్తే మనం ఏదో ఒక షాపు గుమ్మంలోకి తప్పుకోవాలి. మోటార్‌సైకిళ్లు కూడా వస్తాయి, పిల్లల చెయ్యి వదలకండి.

రిబ్బన్ల షాపులో గోడ కనిపించదు. కింది నుంచి పైకప్పు దాకా చుట్టలే, ఒక్క ఆకుపచ్చలోనే చిలకపచ్చ నుంచి నాచు రంగు దాకా ఎన్నో. నేను జాకెట్ గుడ్డ ముక్క పట్టుకెళ్తాను. షాపావిడ దాన్ని ఒక్కో చుట్టకీ ఆనించి చూసి, సరిగ్గా కలిసే షేడ్ తీసిస్తుంది. ఫొటో చూపిస్తే రంగు తేడా వస్తుంది, ముక్కే తీసుకెళ్లండి. ఒకటి కొంటే ఒక రేటు, మూడో ఆరో కొంటే ఇంకో రేటు, డజనుకి మరీ తక్కువ. ఇద్దరు ముగ్గురు కలిసి కొంటే బాగా కలిసొస్తుంది.

అలాగే పడమటికి నడిస్తే పహురత్ వస్తుంది. మన దేశం వాళ్ల బట్టల బజారు, పక్కనే సిక్కుల గురుద్వారా. చూడండి కానీ చీరలు కొనకండి, మన దగ్గరే నయం.

బంగారం సంగతి జాగ్రత్తగా చూసుకోండి. యావరాత్ మీద ఎర్రరంగు షాపుల్లో తూకం బాట్లలో చెప్తారు, ఇక్కడ బాట్ అంటే డబ్బు కాదు, బరువు. నగలకైతే ఒక బాట్ 15.16 గ్రాములు. స్వచ్ఛత 96.5 శాతం, అంటే 23 క్యారెట్లకి కొంచెం పైనే. మన 22 క్యారెట్ల రేటుతో నేరుగా పోల్చకండి, మజూరీ ఎంతో విడిగా అడగండి, కస్టమ్స్ రూల్స్ ముందే చూసుకోండి.

శాకాహారులైతే పసుపు రంగు మీద ఎర్రగా ‘జే’ గుర్తున్న షాపు వెతకండి. మాంసం, చేపల సాసే కాదు, వెల్లుల్లి కూడా వేయరు. మెట్రోలో వాట్ మంగ్‌కోన్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లేంత దూరమే. సాయంత్రం యావరాత్‌లో తినాలనుంటే మాత్రం సోమవారం పెట్టుకోకండి, ఆ రోజు చాలా బండ్లు ఉండవు.