విమానం ఇంజిన్ సీల్ ప్రాజెక్టు తీసుకుంటానంటోంది, ఆపమంటారా?

ప్రశ్న: మాది రాయగడ. మా అమ్మాయి బీటెక్ మెకానికల్ ఫైనలియర్‌కి వచ్చింది. విమానం ఇంజిన్లలో మంటను ఆపే సీళ్లను మెరుగుపరచడం అనే ప్రాజెక్టు చేస్తానంటోంది. చిన్న ఊరి కాలేజీలో ఇది అయ్యే పనేనా, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు చేయించండని బంధువులంటున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆపకండి. కానీ టాపిక్ ఇంత పెద్దగా ఉంటే ఏడాదిలో తెమలదు. దాన్ని చిన్నది చేసుకోవాలి.

ముందు సంగతేమిటో మీరూ తెలుసుకోండి. ఇంజిన్ దగ్గర ఇంధనం, ఆయిల్ పైపులుంటాయి. అక్కడ మంట పుడితే రెక్క వైపు పాకకుండా స్టీలు, టైటానియం లాంటి లోహాల రేకులతో అడ్డుగోడ కడతారు. తలుపులు మూసుకునే చోట, పైపులు దూరే చోట ఉండే సందుల్ని సీళ్లు మూస్తాయి. చాలావరకు ఇవి సిలికాన్ రబ్బరువి, లోపల గాజు నూలు బట్టో సిరామిక్ బట్టో ఉంటుంది. సుమారు 1100 డిగ్రీల మంటను 15 నిమిషాలు ఆపితేనే ఫైర్‌ప్రూఫ్ అంటారు. 5 నిమిషాలు ఆపితే ఫైర్ రెసిస్టెంట్ మాత్రమే. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. మరి రబ్బరు ఎలా నిలుస్తుంది? సిలికాన్ కాలినప్పుడు తెల్లటి సిలికా పొర మిగులుతుంది. ఆ పొర రాలిపోకుండా బట్ట పట్టుకుంటుంది.

ఇప్పుడు మీ వంటింట్లో కుక్కర్ పాత గాస్కెట్ తీసి కొత్తదాని పక్కన పెట్టండి. పాతది చదునై, గట్టిపడి ఉంటుంది. నొక్కి వదిలినా పూర్తిగా పైకి లేవదు. విజిల్ రాకుండా అంచుల్లోంచి ఆవిరి పోయేది అందుకే. ఇలా అణిగినది మళ్లీ పైకి లేవకపోవడాన్నే కంప్రెషన్ సెట్ అంటారు. విమానం సీలుకీ ఇదే జబ్బు.

మీ అమ్మాయి ప్రాజెక్టు ఇక్కడే ఉంది: వేడికి పాతబడ్డ సీలు కొత్తదానిలా మంటను ఆపుతుందా? ఈ ఒక్క ప్రశ్న చాలు. మామూలు సిలికాన్, గాజు బట్ట వేసింది, మంటను తగ్గించే అల్యూమినా ట్రైహైడ్రేట్ పొడి కలిపింది, ఇలా మూడు రకాల ముక్కలు. వాటిని 25 శాతం నొక్కి, ఓవెన్‌లో కొన్ని రోజులు ఉంచి, బయటికి తీశాక ఎంత మందం తిరిగొచ్చిందో కొలవాలి. తర్వాత పాతవాటికీ కొత్తవాటికీ ఒకే మంట పెట్టి, వెనక వైపు వేడి ఎంత వేగంగా పెరుగుతోందో థర్మోకపుల్‌తో (వేడిని కొలిచే తీగ) కొలిచి రాసుకోవాలి. మంట పని ల్యాబ్‌లోనే, గైడు పక్కనుండగానే జరగాలి. ఇంటి మేడ మీద వద్దు, ఈ మాట గట్టిగా చెప్పండి.

ఇంకొకటి. ల్యాబ్‌లోని గ్యాస్ మంట టార్చి విమాన సీళ్లకి చేసే అసలు పరీక్షలో వాడే బర్నర్‌కి సాటి రాదు. అందుకే రిపోర్టులో ఎక్కడా ఫైర్‌ప్రూఫ్ సీలు తయారుచేశాం అని రాయొద్దు. ఇంటర్వ్యూలో తెలిసినవాళ్లు మొదట పట్టుకునేది అదే. కొలిచింది కొలిచినట్టు చెప్తే గౌరవిస్తారు.

ఉద్యోగాల మాటకొస్తే, మీ పక్క జిల్లా కోరాపుట్‌లోని సునాబెడలో 1964 నుంచి హెచ్ఏఎల్ (ప్రభుత్వ విమానాల తయారీ సంస్థ హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఇంజిన్ డివిజన్ ఉంది. మిగ్-21 ఇంజిన్లతో మొదలై, ఇప్పుడు సుఖోయ్-30 ఇంజిన్ల దాకా వచ్చింది. డిగ్రీ అయ్యాక అప్రెంటిస్ నోటిఫికేషన్లు చూస్తుండాలి. అది శిక్షణే, పర్మినెంటు ఉద్యోగం అనుకుని ఆశ పెట్టుకోకండి. గేట్ రాస్తే ఎంటెక్‌కి దారి ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీలో రబ్బరు టెక్నాలజీకి ప్రత్యేక కేంద్రమే ఉంది. కాలేజీ ల్యాబ్‌లో చేయలేని పరీక్షల గురించి భువనేశ్వర్‌లోని కేంద్ర ప్లాస్టిక్స్ సంస్థ సిపెట్‌లో అడగొచ్చు. బంధువులన్నదీ పూర్తిగా తప్పు కాదు. కొలతల లెక్కలన్నీ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చేసుకుంటే ఆ విద్యా చేతికొస్తుంది.

ఒక సాయంత్రం కూర్చోబెట్టి, ఈ ప్రాజెక్టు మొత్తం మీకు తెలుగులో చెప్పమనండి. బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు చదివిన పిల్ల ఇంటి భాషలో చెప్పగలిగిందంటే విషయం పట్టుబడినట్టే. మీకు అర్థం కానిచోట ఆపి అడగండి. సోమవారం గైడుని కలిసి, ల్యాబ్‌లో ఓవెన్ 200 డిగ్రీల దగ్గర నిలకడగా పనిచేస్తోందా, థర్మోకపుల్ ఉందా, ఈ రెండూ కనుక్కున్నాకే టాపిక్ ఫారం ఇవ్వమనండి.