పొద్దున మంచం దిగగానే మడమ నొప్పి: ఎలాంటి చెప్పులు వేసుకోవాలి?

ఇది చాలావరకు ప్లాంటార్ ఫాసియైటిస్, అంటే అరికాల్లోని పట్టీలాంటి కణజాలం దెబ్బతిని నొప్పెట్టడం; దీనికి కావాల్సింది దూదిలా మెత్తటి చెప్పులు కాదు, మడమను కదలకుండా పట్టి పాదం వంపును కింది నుంచి మోసేవి. మడమ ఎముక నుంచి వేళ్ల దాకా అరికాల్లో పట్టీలాంటి గట్టి కణజాలం ఉంటుంది; రాత్రంతా పాదం కిందికి వాలి ఉండడంతో అది బిగుసుకుపోయి, పొద్దున మొదటి అడుగు వేయగానే ఒక్కసారిగా సాగుతుంది, అందుకే ఆ సూది గుచ్చినట్టు పోటు. నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంది, ఎక్కువసేపు నిలబడితే మళ్లీ మొదలు.

వంటింట్లో టైల్స్ మీద గంటలకొద్దీ వట్టికాళ్లతో నిలబడేవాళ్లనే తీసుకోండి. అరిగిపోయిన హవాయి చెప్పులు వేసుకున్నా పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే అవి మధ్యలోనే మడత పడతాయి. షాపులో షూను రెండు చివర్లా పట్టుకుని వంచి చూడండి: వేళ్ల దగ్గర మాత్రమే వంగాలి, తడిబట్ట పిండినట్టు మెలితిప్పితే తేలిగ్గా తిరగకూడదు. కొనేది సాయంత్రమైతే మంచిది, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి.

ఎక్స్‌రేలో మడమ ఎముక పెరిగిందని కనిపించగానే నొప్పంతా దానివల్లే అని చాలామంది టెన్షన్ పడిపోతారు. కానీ ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా ముల్లులా పెరిగిన ఆ ఎముక మామూలుగానే కనిపిస్తుంది. షూతో పాటు పిక్కలు సాగదీసే వ్యాయామం చేయాలి, తగ్గడానికి నెలలు పట్టొచ్చు. షుగర్ ఉన్నా, తిమ్మిర్లు వస్తున్నా మాత్రం ముందు డాక్టర్‌కే చూపించండి.