బానెట్ మీద రాళ్ల దెబ్బలు: క్లెయిమ్ పెట్టాలా, ఓ సీసా రంగు కొనాలా?

ప్రశ్న: మాది చీమకుర్తి. ఒంగోలులో ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా పనిచేస్తున్నాను, రోజూ కారులోనే వెళ్లొస్తాను. 1,200 సీసీ పెట్రోలు కారు, గ్రే మెటాలిక్ రంగు, కొని నాలుగేళ్లు కావస్తోంది. ముందు వెళ్లే టిప్పర్ల నుంచి కంకర ఎగిరిపడి బానెట్, ముందు బంపర్ మీద అక్కడక్కడా రంగు పెచ్చులు లేచింది. బానెట్ మీద రెండు చోట్ల తుప్పు కూడా కనిపిస్తోంది. రెండింటికీ పెయింట్ వేయడానికి సర్వీస్ సెంటర్లో రూ.10,000, పైన జీఎస్టీ అన్నారు. ‘మీ జేబులోంచి ఎందుకు మేడమ్, ఒకే రోజు జరిగినట్టు రాసి ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టేద్దాం’ అంటున్నారు. నాది బంపర్ టు బంపర్ (తరుగుదల కోయకుండా ఇచ్చే) పాలసీ కాదు. ఇంతవరకు ఒక్క క్లెయిమూ చేయలేదు. క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే బోనస్ తగ్గించక ముందు ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టానికి కట్టే) ప్రీమియం రూ.10,000 ఉంది, రెండు నెలల్లో రెన్యువల్. రెండేళ్లలో ఈ కారు అమ్మి కొత్తది కొనాలని ఉంది. అందుకని మా తమ్ముడు రూ.45,000 పెట్టి బాడీ మొత్తం పెయింట్ చేయించు, మంచి రేటు వస్తుంది, క్రెడిట్ కార్డు ఈఎంఐలో కట్టుకోవచ్చు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: క్లెయిమ్ వద్దు మేడమ్. ఫుల్ బాడీ పెయింట్ అసలే వద్దు. బానెట్ మీద ఆ రెండు తుప్పు మచ్చల పని మాత్రం ఈ నెలలోనే చూడండి. దానికి మొత్తం కలిపి వెయ్యి, పదిహేను వందలకు మించి కాకూడదు.

ముందు ఆ ‘ఒకే రోజు’ మాట. క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టేది మీరు, సర్వీస్ సెంటర్ వాళ్లు కాదు. రాయి తగిలిన చోట తుప్పు ఒక్క రోజులో రాదు. ఒక మచ్చ తాజాగా, పక్కది గోధుమ రంగులో ఉంటే, ఇన్సూరెన్స్ తరఫున నష్టం చూడ్డానికి వచ్చే సర్వేయర్‌కు చూడగానే అర్థమవుతుంది. వాడకంలో వచ్చే అరుగుదలకు పాలసీలో కవరేజీ ఉండదు. వేర్వేరు రోజుల్లో తగిలిన దెబ్బలైతే వేర్వేరు క్లెయిములు పెట్టాలి. పది వేల పని కోసం అబద్ధం రాసివ్వకండి.

సరే, అబద్ధం అవసరం లేకుండానే క్లెయిమ్ వచ్చిందనుకుందాం. అప్పుడైనా లాభమా? 18 శాతం జీఎస్టీతో బిల్లు రూ.11,800. మీ పాలసీలో పెయింట్ సరుకు మీద సగం తరుగుదల కింద పోతుంది. బిల్లులో సరుకు ఖర్చు విడిగా చూపించకపోతే పెయింటింగ్ మొత్తంలో నాలుగో వంతును సరుకుగా లెక్కగడతారు. అందులో సగం అంటే రూ.1,475. మీది 1,500 సీసీ లోపు కారు కాబట్టి తప్పనిసరిగా మీరు భరించాల్సింది ఇంకో రూ.1,000. చేతికొచ్చేది రూ.9,325.

ఇప్పుడు పోయేది చూడండి. క్లెయిమ్ లేని ఏడాది తర్వాత నో క్లెయిమ్ బోనస్ 20 శాతం, ఆపైన వరసగా 25, 35, 45, ఐదేళ్లకు 50 శాతం. మీకు ఈ రెన్యువల్‌కు 45 శాతం రావాలి. ఇప్పుడు క్లెయిమ్ చేస్తే అది సున్నా అవుతుంది. జీఎస్టీతో కలిపి ఈ ఏడాదే రూ.5,310 ఎక్కువ కట్టాలి. వచ్చే ఏడాది 50 శాతం రావాల్సిన చోట 20 శాతమే వస్తుంది, అక్కడ రూ.3,540. కారు వయసుతో ప్రీమియం కాస్త తగ్గుతుంది కాబట్టి ఈ రెండో అంకె కొంచెం అటూ ఇటూ కావచ్చు. రెండూ కలిపితే రూ.8,850. అంటే వచ్చిన డబ్బు దాదాపు మొత్తం వెనక్కి కట్టేసినట్టే.

అసలు దెబ్బ కొత్త కారు కొన్నప్పుడు తగులుతుంది. బోనస్ బండిది కాదు, మీది. పాత కారు అమ్మినా అది మీతోనే వస్తుంది. కొత్త కారుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియం రూ.20,000 ఉంటుందనుకోండి. 50 శాతం బదులు 25 శాతమే చేతిలో ఉంటే తేడా జీఎస్టీతో రూ.5,900. సర్వీస్ సెంటర్ వాళ్లు ఈ సంగతి చెప్పరు. వాళ్లకు పెయింటింగ్ పని దొరికితే చాలు, మీ రెండేళ్ల తర్వాతి ప్రీమియంతో వాళ్లకేం పని?

ఇక మచ్చల సంగతి. బంపర్ ప్లాస్టిక్, తుప్పు పట్టదు. దాని మీద పెచ్చులు చూడ్డానికి బాగుండవు, అంతే. అమ్మేదాకా అలాగే వదిలేసినా మీకు పైసా నష్టం లేదు. బానెట్ అలా కాదు, సాధారణంగా ఉక్కు రేకు. పెచ్చు లేచిన చోట లోపల ప్రైమర్ పొర (రంగు కింద వేసే అడుగు పూత) ఇంకా ఉంటే తొందర లేదు. రేకు మెరుస్తున్నా, గోధుమ రంగు కనిపించినా ఆగకూడదు. ఒంగోలు వైపు ఉప్పుగాలి, ఆపైన అక్టోబరు నుంచి మొదలయ్యే వానలు, తుపాన్లు. తుప్పు పైకి కనిపించేంత చిన్నగా ఉండదు, చుట్టూ రంగు కిందకు పాకి పొంగిస్తుంది. అక్కడిదాకా వస్తే టింకరింగ్, లప్పం, మళ్లీ బానెట్ మొత్తం పెయింట్. ఈ రోజు పదిహేను వందల్లో అయ్యే పని అప్పుడు వేలల్లోకి పోతుంది.

టచప్ రంగు కొనేటప్పుడు ‘గ్రే’ అని అడిగి తెచ్చుకోకండి. ఒకే కంపెనీలో గ్రేలు నాలుగైదు ఉంటాయి. మీ కారు కలర్ కోడ్ బానెట్ కింద ప్లేటు మీదో, డ్రైవర్ డోరు తీస్తే కనిపించే స్టిక్కర్ మీదో ఉంటుంది. ఆ కోడ్‌కు సరిపడే టచప్ సీసా, ప్రైమర్, క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పూత), సన్నరకం వాటర్ పేపర్ (గీకే గరుకు కాగితం), తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి. మీది మెటాలిక్ కాబట్టి క్లియర్ కోట్ మానకూడదు. అది లేకపోతే రంగు వెలవెలబోతుంది.

ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కక ముందు, నీడలో పెట్టుకోండి. మన ఎండకు కాలిన రేకు మీద రంగు సాఫీగా పరుచుకునేలోపే ఆరిపోతుంది. కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తుప్పును వాటర్ పేపర్ ముక్కతో ఆ మచ్చ వరకే గీకండి, పక్కన బాగున్న రంగు జోలికి పోవద్దు. గోధుమ రంగు ఏమాత్రం మిగిలినా పైన ఎంత రంగు వేసినా లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది. ఆల్కహాల్‌తో తుడిచి ప్రైమర్ చుక్క పెట్టండి. అది ఆరాక రంగు. సీసాను బాగా కుదపాలి, మెటాలిక్ పొడి అడుగున పేరుకుని ఉంటుంది. మూతకున్న కుంచె లావుగా ఉంటుంది, టూత్‌పిక్ మొనతో పెట్టడం మేలు. ఒకేసారి గోరింటాకు చుక్కలా ముద్దగా పెడితే ఆరాక బొడిపెలా నిలబడుతుంది. పలచగా రెండు మూడు పూతలు, ఒకటి ఆరాకే ఇంకొకటి, చివర క్లియర్ కోట్. తర్వాత కొద్ది రోజులు నీళ్లు కొట్టించకండి, కొన్ని వారాలు పాలిష్ వేయించకండి.

మెటాలిక్ రంగు అచ్చంగా కలవదు, దగ్గరికొచ్చి చూస్తే తెలుస్తుంది. తుప్పు ఆగడమే మనకు కావాల్సింది కాబట్టి దానికి టెన్షన్ పడకండి. చేత్తో చేసుకోవడం ఇబ్బందిగా ఉంటే సామాను మీరే కొనుక్కుని ఒంగోలులో ఏదైనా పెయింటింగ్ షెడ్డుకు తీసుకెళ్లండి, కూలి ఇస్తే చేసిపెడతారు. బానెట్ మొత్తం కొట్టేద్దాం అంటే మాత్రం ఒప్పుకోకండి. పట్టా కప్పని టిప్పర్ కనిపిస్తే వెనకే అంటుకుని వెళ్లకండి, ఐదు నిమిషాలు ఆలస్యమైతే కాలేజీ ఎక్కడికీ పోదు.

తమ్ముడి సలహా ప్రేమతో చెప్పిందే గానీ డబ్బు లెక్కకు నిలవదు. పాత కార్లు కొనేవాళ్లు ఇప్పుడు పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టి చూస్తున్నారు. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. అన్ని రేకుల మీదా దానికి మించి చూపిస్తే మొదటి ప్రశ్న ‘యాక్సిడెంట్ అయిందా?’ అనే. మీరు కాదని ఎంత చెప్పినా బేరం అక్కడి నుంచే తగ్గుతుంది. నాలుగు టచప్ చుక్కలున్న ఒరిజినల్ పెయింట్‌కే విలువ ఎక్కువ. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడుతూనే ఉంటాయి. ఆ ఈఎంఐకి కట్టగలిగిన డబ్బు మీ దగ్గరుంటే నెలనెలా విడిగా ఒక ఖాతాలో వేయండి. కొత్త కారు డౌన్ పేమెంట్‌కు పనికొస్తుంది.

రెన్యువల్ నోటీసు రాగానే అందులో 45 శాతం బోనస్ పడిందో లేదో చూడండి. గడువు దాటనివ్వకండి. 90 రోజులు దాటితే క్లెయిమ్ లేకపోయినా బోనస్ పోతుంది. కారు అమ్మిన రోజున ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి బోనస్ సర్టిఫికెట్ రాయించుకోండి, అది మూడేళ్ల వరకు చెల్లుతుంది.